ఆకులు ఎందుకు పసుపెక్కాయి

హలో… ఆ, నేనే. ఒబ్దూలియా పెద్దమ్మనే. ఈ ఇంట్లో ఫోన్ ఎత్తేది నేను కాక ఇంకెవరు? మీ పెదనాన్న అది మోగితే కిటికీ వైపు చూస్తాడు…

ఎలోయ్, నువ్వేనా? గొంతేంటి అలా ఉంది, ఇప్పుడే నిద్ర లేచినట్టు…

జలుబా. అంత మంచులో జలుబు రాక ఏం వస్తుంది. ఎంత పడిందేంటి? … గుమ్మం మెట్లు కూడా మునిగిపోయాయా. మాకు విలస్సార్‌లో సముద్రపు గాలి తప్ప మంచు ఎక్కడిది. అమ్మేం చేస్తోంది? … ఇంకా లేవలేదా?

… తలనొప్పని రాత్రి వెల్లుల్లి సూప్ కూడా తాగకుండా పడుకుందా. సర్లే, పడుకోనీ. కీమో మొదలయ్యాక కంటిమీద కునుకు లేదని పోయిన ఆదివారం నాతో ఏడ్చింది. నిద్ర పట్టినప్పుడు లేపకు…

ఏంటి, మొక్కలా? … ఆ గంజాయి మొక్కలేనా?

లేదురా, నిన్ను చూసి నవ్వడం లేదు. మీ అమ్మని తలుచుకుంటే నవ్వొస్తోంది. ప్రతి శనివారం చర్చిలో మేరీమాత ముందు పూలు మార్చిన మా రుఫీనా, ఇవాళ కొడుకు పెంచిన గంజాయి తైలం నాలిక కింద వేసుకుంటోంది… తెలుసు, తెలుసు. అది వేసుకున్నాకే ఓ ముద్ద తినగలుగుతోందని తనే చెప్పింది. నేను తప్పు పట్టడం లేదు.

చెప్పు, ఏమైంది వాటికి?

… పసుపెక్కాయా. ఏ ఆకులు, కిందవా, పైవా? … అదేంటి, చూసి చెప్పు. ఫోన్ పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళు… ఎందుకు ఆయాసపడుతున్నావ్, నాలుగడుగులేగా…

ఆ. పూత మీదున్నాయి కదా? … అయితే కింద ఆకులు కొన్ని పండటం మామూలే. ఉన్న బలమంతా పువ్వు లాక్కుంటుంది. నువ్వు నత్రజని తగ్గించి ఉంటావు, అది ఆకుల్లోంచే తీసుకుంటోంది…

కింద మాత్రమే కాదా? … పైన కూడానా. సరే. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపా, లేక ఆకు మొత్తమా? ఈనెలు పచ్చగా ఉంటే మెగ్నీషియం తక్కువైనట్టు… మొత్తమా.

కొసలు మాడాయా? … లేదు. మాడితే ఎరువు ఎక్కువైందనేదాన్ని. కుండీ ఎత్తి చూడు, బరువుగా ఉందా? నీళ్ళు ఎక్కువ పోసేశావేమో. మగవాళ్ళు ప్రేమొస్తే నీళ్ళు పోసేస్తారు… ఎత్తలేకపోతున్నావా? ఆ చిన్న కుండీనా? … చేతుల్లో బలం లేదా. ఏం తిన్నావు నువ్వు? … వాంతి అయ్యిందా.

ఫ్లూ వచ్చిందిరా నీకు. వేడిగా ఏదైనా తాగి పడుకో. మొక్కల సంగతి రేపు చూద్దాం…

లేదు లేదు, పెట్టెయ్యడం లేదు. ఉన్నాను. నువ్వు భయపడకు. ఈ పంట పోతే అమ్మకి తైలం ఉండదని నాకూ తెలుసు. వేలు పెట్టి మట్టి చూడు.

… చెమ్మగా ఉందా, బురదగా లేదు కదా? అయితే నీళ్ళూ కాదు. ఎప్పుడు మొదలైంది ఇది? … మంచు పడ్డ దగ్గర్నుంచా? మొన్న బాగున్నాయా? నాలుగు మొక్కలూ ఒకేసారా?

ఆగు. ఎరువు తక్కువైతే అలా రాదు. మెల్లగా వస్తుంది, ఒక్కో ఆకూ. పూలు ఎలా ఉన్నాయి? … తెల్లటి కేసరాలన్నీ ఒక్కసారే వాడి గోధుమరంగుకి తిరిగాయా. ఆకులు? … కిందికి వాలిపోయాయి. ముట్టుకుంటే రాలుతున్నాయి. పచ్చవి కూడానా?

పచ్చవి కూడా.

చలి తగిలిందేమో… లేదా? గది వెచ్చగానే ఉందా. దేంతో వెచ్చగా ఉంది? … వంటింట్లో గ్యాస్ హీటరా. లోపల గ్యాస్ బండ పెట్టుకునే ఆ పాతదా? రాత్రంతా వెలుగుతూనే ఉందా? … అమ్మకి చలేసిందని. సరే, మంచిదే… మొక్కలకీ వేడి అందుతుందని తలుపులు తీసి ఉంచావా. సరే…

ఎలోయ్, వింటున్నావా? మాట్లాడు. … చెప్పిందే మళ్ళీ చెబుతున్నావు నాన్నా. హీటర్ సంగతి చెప్పావు ఇందాకే.

వంటింటి కిటికీ మీద అమ్మ జెరేనియం ఉండాలి కదా, ఎర్రపూలది. అదెలా ఉంది? … అడిగినదానికి చెప్పు. దానికి నీ ఎరువు వెయ్యవు కదా? నీ నీళ్ళు పొయ్యవు. మట్టి వేరు, కుండీ వేరు. వెళ్ళి చూసి చెప్పు…

… రేకులన్నీ కింద రాలి ఉన్నాయా.

ఆకులు? … పసుపు.

ఎలోయ్. నువ్వు ఇప్పుడు నా మాట వినాలి. మొక్కలకి ఏ జబ్బూ లేదు. గాలి, నాన్నా. ఇంట్లో గాలి పాడైంది. ఆ హీటర్ సరిగ్గా మండటం లేదు… మేం పూలు పెంచిన గ్లాస్‌హౌస్‌లో ఒక చలికాలం ఇలాగే అయ్యింది. కిరోసిన్ హీటర్ గాలి అందక మండితే తెల్లారేసరికి కార్నేషన్ పూలన్నీ ముడుచుకుపోయాయి. పూలు నిద్రపోయాయి అనేవాళ్ళు ఇక్కడ. ఆ రోజు తలుపు తీసిన పనివాడు అక్కడే పడిపోయాడు…

నీది ఫ్లూ కాదు. కార్బన్ మోనాక్సైడ్ అంటారు, ఆ విషానికి వాసన ఉండదు, కంటికి కనపడదు. కిటికీ తియ్యి. వంటింటి కిటికీ, ఇప్పుడే.

… ఎందుకు రాదు?

టేపా? ఎందుకు వేశావు టేపు?

… సబీనా. పక్కింటి సబీనా. వీధిలోకి మొక్కల వాసన వస్తోందని, పోలీసులకి చెబుతానని అందా… అందుకని కిటికీలన్నిటికీ టేపు వేశావు. గోడలో గాలి కన్నం కూడా మూశావా? … ప్లాస్టిక్ పెట్టి.

సరే. సరే నాన్నా. టేపుతో కుస్తీ పట్టకు. వీధి తలుపు తీసుకుని బయటికి పో. మంచులోకి. చెప్పులు వద్దు, కోటు వద్దు, వెళ్ళు.

మీ పెదనాన్నని పిలుస్తున్నా, నువ్వు వెళ్ళు… ఫెలియూ! ఫెలియూ, ఇలా రా. ఆ ఇంకో ఫోన్ తీసి అత్యవసరానికి చెయ్యి, ఒకటి ఒకటి రెండు. తేరువెల్ దగ్గర వాళ్ళ ఊరి పేరు చెప్పు, రుఫీనా ఇల్లను. హీటర్ గ్యాస్, లోపల ఇద్దరు అని చెప్పు. అవును, మన రుఫీనాయే. ప్రశ్నలు తరవాత.

ఎలోయ్? వెళ్తున్నావా? … తలుపు చప్పుడు వినపడింది. తీశావా. బయటికి రా. పూర్తిగా రా, గుమ్మంలో నిలబడకు… కూర్చో. మంచులోనే కూర్చో. ఊపిరి తీసుకో. గట్టిగా. ఇంకోటి…

అమ్మ. అవును. నాకూ దిగులు అమ్మ గురించే. ముందు నువ్వు ఊపిరి తీసుకో. ఇప్పుడే లోపలికి వెళ్తే నువ్వూ పడిపోతావు, మోసేది ఎవరు? … వినరా. నా చెల్లెలు అది. నీకంటే ముందు నాకు తెలుసు అది. నేనే ఆగమంటున్నాను.

సబీనాని కేకెయ్యి. నీకు ఎంత కోపమున్నా సరే, పిలువు… ఇంకా గట్టిగా…

ఎలోయ్, కదలకు.

ఎలోయ్.

ఫోన్ కింద పెట్టేశావా? … ఎలోయ్, లోపలికి వెళ్ళావా?

…

ఫెలియూ, వాడు లోపలికి వెళ్ళాడు. … ఏమంటున్నారు వాళ్ళు? అంబులెన్సు కలమోచా నుంచి రావాలా? మంచు తీసే బండి ముందు రావాలా? ఎంతసేపు అని అడుగు… అడిగినా చెప్పరు. నీ ఫోన్ పెట్టకు, వాళ్ళని లైన్లోనే ఉంచు.

ఎలోయ్… నాన్నా… ఒక్క మాట మాట్లాడు.

… ఏమీ వినపడటం లేదు. గాలి… ఎక్కడో కుక్క అరుస్తోంది.

ఆగు, ఆగు. ఎవరో. పార గీరుతున్న చప్పుడు… ఆడగొంతు… హలో! ఫోన్ కింద ఉంది, మంచులో! ఎవరైనా ఎత్తండి…

హలో? ఎవరు, సబీనా? … నేను రుఫీనా అక్కని, విలస్సార్ నుంచి. విను సబీనా, ఇంట్లో విషవాయువు ఉంది. ఊపిరి బిగబట్టి… ఏంటి? లాగేశావా? వాణ్ణా? … నడవలో పడి ఉన్నాడు, కాళ్ళు పట్టుకుని లాగావు. ఊపిరి ఉందా? … దగ్గుతున్నాడు. దగ్గనీ. పక్కకి తిప్పి పడుకోబెట్టు. దుప్పటి కప్పు. దేవుడు నీకు మేలు చెయ్యాలి సబీనా…

రుఫీనా?

… వెళ్తావా? నీకూ ప్రమాదమే… సరే. పారతో ముందు వంటింటి కిటికీ అద్దం బయట నుంచి పగలగొట్టు. తరవాత పడకగదిది కూడా. గాలి ఆడనిచ్చి, గుడ్డతో మొహం కట్టుకుని… అది విషాన్ని ఆపదు, ఆపదు, ఊరికే అన్నాను. ఊపిరి బిగబట్టు, అంతే. ఆ మూల హీటర్ ఆర్పు. ఎక్కువసేపు ఉండకు.

…

…

ఆ, ఉన్నాను. చెప్పు.

… బాగుందా? బాగుందంటే? … మొహం గులాబీరంగులో ఉందా. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, చిన్నపిల్లలా నిద్రపోతోంది అంటున్నావు.

సబీనా. ఒకటి చేస్తావా. దాని చెయ్యి పట్టుకో. … చల్లగా ఉందా. కిటికీ పగలగొట్టావు కదా, చలి లోపలికి వచ్చి ఉంటుంది… వేళ్ళు. వేళ్ళు వంచి చూడు.

… వంగడం లేదా.

సరే.

సరే సబీనా. బయటికి వచ్చెయ్యి. ఇక అక్కడ నువ్వు చేసేదేం లేదు… లేదమ్మా, ఆ గ్యాస్ మనిషి బుగ్గలకి అలా రంగు వేస్తుంది. నిద్ర కాదు అది. రాత్రే అయిపోయి ఉంటుంది… రా, బయటికి రా. దాని మొహం మీద దుప్పటి కప్పకు, వాళ్ళు వచ్చి చూస్తారు.

… ఫెలియూ, పోయింది.

లేదు, నన్ను పట్టుకోకు ఇప్పుడు. వాడు ఉన్నాడు ఇంకా. నీ ఫోన్లో వాళ్ళకి చెప్పు, ఒకరు పోయారు, ఒకరికి ఆక్సిజన్ కావాలని.

సబీనా? … ఏడవకు. నువ్వు వాసన గురించి అన్నది నాకు తెలుసు. వాడు చెప్పాడు… ఇప్పుడు ఆ మాటలు వద్దు. వాణ్ణి బయటికి లాగింది నువ్వు. ఇవాళ అది చాలు. వాడు కళ్ళు తెరిచాడా? … నన్ను అడుగుతున్నాడా. చెవి దగ్గర పెట్టు.

ఎలోయ్. నేనే, పెద్దమ్మని. మాట్లాడకు, విను. అంబులెన్సు వస్తోంది. నిద్రపోకూడదు నువ్వు. కళ్ళు తెరిచి ఉంచు, సబీనా మొహం చూస్తూ ఉండు…

…

లేదు నాన్నా. లేవలేదు.

… లేవదు. రాత్రే పోయింది. నిద్రలోనే పోయింది, దానికేమీ తెలియలేదు.

…

…

ఏడువు. ఏడిస్తే ఊపిరి లోపలికి వెళ్తుంది. ఉన్నాను నేను.

… ఏంటి? మళ్ళీ చెప్పు.

టేపు.

… నన్నెందుకు అడుగుతావు రా అది.

అవును. అవును నాన్నా, టేపు వల్లే. లేదని చెబితే ఇవాళ నమ్ముతావు, రేపు పోలీసులు చెబుతారు, అప్పుడు ఇక నా మాట కూడా నమ్మవు. కన్నం మూసేసరికి హీటర్‌కి గాలి అందలేదు… కానీ నువ్వు ఎవరి కోసం మూశావో నాకు తెలుసు. పట్నంలో పని మానుకుని వచ్చి, తల్లికి తల దువ్వి, స్నానం చేయించి, ఆ మొక్కల్ని పెంచింది నువ్వు. రెండూ నిజమే. రెండూ నువ్వు మొయ్యాలి. నేనూ మోస్తాను.

… కాదు. ఇందాక నువ్వూ అక్కడే ఉండిపోవాల్సింది అనకు. ఆ మాట నాతో అనకు. పొద్దున్న నువ్వు ఫోన్ చెయ్యకపోతే మీ ఇద్దర్నీ కలిపి పాతిపెట్టడానికి వచ్చేదాన్ని.

… వచ్చారా? సైరన్ వినపడుతోంది నాకూ. వాళ్ళు ఆక్సిజన్ మాస్క్ పెడితే పెట్టించుకో, తోసెయ్యకు. స్పృహలో ఉండు. ఆస్పత్రికి నేను వస్తాను. సాయంత్రానికల్లా. మీ పెదనాన్న మంచులో బండి నడపలేడు, రైలెక్కుతాను, నడుస్తాను, ఎలాగోలా వస్తాను…

హలో, అంబులెన్సు వాళ్ళా? అవునండి, పెద్దమ్మని, వాడి తల్లికి అక్కని. … ఎలోయ్ అండి. ముప్పై నాలుగు. లేదండి, గుండె జబ్బులేం లేవు. … ఆ గదిలో మొక్కలా? అవును, గంజాయే. తల్లి కోసం. రాసుకోండి, ఏం రాసుకోవాలో… వాడికి ఆక్సిజన్ పెట్టండి ముందు.

పెట్టారా. సరే. వాడికి ఫోన్ ఇవ్వండి ఒక్కసారి, మాట్లాడనక్కర్లేదు, వింటే చాలు.

ఎలోయ్. ఊపిరి తీసుకో. … వినపడుతోంది. మంచిది. ఇంకోటి… ఇంకోటి…

ఎలోయ్? … హలో?

…

కొండ మలుపు దగ్గర లైన్ ఉండదు అక్కడ. వాళ్ళు బయల్దేరినట్టున్నారు.

ఫెలియూ, ఆ ఫోన్ పెట్టేసి బీరువా తియ్యి. నా కోటు ఇటివ్వు.

… బూడిదరంగుది కాదు. నల్లది.