సాబు తలుపేసుకున్న రెండు దినాలు

కూర్చో ఫరీన్, ఆ మంచం ఊగుతాది, ఈ పక్కకి జరిగి కూర్చో. ఏమడిగితివి, మీ దాదా ఎట్ల పోయినాడనా? నువ్వప్పుడు హాస్టల్లో ఉంటివి, షుగరని చెప్పింటారు. షుగరు ఉన్నింది, లేదనను. నాకూ ఉండాది, నేను పోయినానా? అది కాదులే తల్లీ. మీ దాదా జమాల్ సాబ్ అంటే కదిరి రిజిస్ట్రాఫీసు ముందర రేకుల కింద మేజా ఏసుకోని నలభై ఏండ్లు దస్తావేజులు రాసిన మనిషి. ముసలోళ్లు ఎవరన్నా వేలిముద్ర ఏసేకి వస్తే, ముందు కొడుకుల్ని బయటికి పంపిస్తాండె. "మీరు పోయి టీ తాగిరాపోండప్పా, నాకు అవ్వతో పనుండాది" అని. ఆ మీదట కాగితమంతా మొదట్నుంచి కడదాంక చదివి, "ఏమర్థమాయె, నువ్వు చెప్పు" అని వాళ్ల నోటితోనే చెప్పిస్తాండె. మా సిద్దమ్మత్త వీలునామా అనుకోని వస్తే అది దానపత్రం. "అత్తా, వీలునామా అయితే నువ్వు పోయినాంకే ఇల్లు వాళ్లది. ఇదయితే ఈ పొద్దే వాళ్లది, రేపు నిన్ను పొమ్మంటే ఆఫీసుల చుట్టూ తిరగాల" అన్నాడు. ఆయమ్మ వేలికి పూసిన ఇంకు కొంగుకి తుడుచుకోని బస్సెక్కేసె. ఆ కొడుకులు సాబుని తిట్టిన తిట్లు నీకు చెప్పకూడదు.

అట్లాంటి మనిషిని ఒక ఫోను ముంచేసె, ఆ మీదట ఆయన ఎక్కువ దినాలు బతకలేదు. నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు. మీ దాదీ జుబేదాబీ కూతురింటికి పోయింది, సాబు ఒక్కడే ఉన్నాడు. ఫోన్లో పోలీసు గుడ్డలేసుకున్నోడు కనిపించె. "నీ ఆధార్ మీద దొంగ ఖాతా ఉండాది, నిన్ను ఫోన్లోనే అరెస్టు చేసినాము" అన్నాడంట. నువ్వు నగుతాండావు, నేనూ నగినా. సాబు కూడా మొదట నమ్మలేదు. అప్పుడు వాడు కోర్టు నోటీసని ఒకటి తీసి, మొదట్నుంచి కడదాంక నిదానంగా చదివినాడంట. రెండుసార్లు. "పెద్దాయనా, ఏమర్థమయిందో మీరు చెప్పండి" అన్నాడంట. ఇంట్లో ఎవరున్నా బయటికి పంపమన్నాడంట. ఇంగ నమ్మకేం చేస్తాడు? మోసగాడు కాగితం చదివి వినిపించడని బతుకంతా నమ్మిన మనిషాయె.

రెండు దినాలు తలుపేసుకోని ఆ ఫోను ముందరే కూర్చున్నాడు. నాకేం తెలుసు? సాయంత్రం ఉడకేసిన శనక్కాయ బుడ్డలు టవల్లో మూటగట్టుకోని పోయినా. కిటికీ కాడికొచ్చి, "పో ఎర్రిస్వామీ, నా గడప తొక్కద్దు" అన్నాడు. ఎన్నడూ నన్నట్ల అనింది లేదు. నాకు రోషమొచ్చె. బుడ్డలు అరుగు మీద పారేసి వచ్చేసినా. మర్నాడు పొద్దున, చొక్కా జేబులో ఫోను అట్లనే మాట్లాడతాంటే, బ్యాంకుకి పోయి ఏడు లక్షలు వాడు చెప్పిన ఖాతాకి పంపేసినాడు. మీ దాదీని తోడుకోని హజ్‌కి పోవాలని కూడబెట్టిన దుడ్లు తల్లీ అవి. బ్యాంకులో పనిచేసే పాప అడిగిందంట, "ఎందుకు సార్ ఇంత" అని. "చేను కొంటాండా" అన్నాడంట. అబద్ధమాడేకి రాని మనిషి. దుడ్లు చేరినాంక వాడి ఫోను ఆగిపోయె, అప్పుడు తెలిసె సాబుకి అది మోసమని. ఆ వారంలో ఒకసారి వాళ్ల ఇంటి ముందర పోతాంటి. అరుగు మీద కూర్చోనున్న సాబు నన్ను చూసి లేచె. నేను తల తిప్పుకోని పోయినా.

ఎనిమిదో దినం, కూతురింటి నుంచి తిరిగొచ్చిన మీ దాదీ నా వాకిట్లో నిలబడె. "భాయ్, ఆయన అన్నం ముట్టడంలేదు, ఏందో చెప్పడు, నువ్వన్నా వచ్చి అడుగు" అని. పోతినా, నన్ను చూసి పసిబిడ్డ మాదిరి ఏడ్చేసినాడు. ఆ రోజెందుకట్లంటివని అడిగితే, "నువ్వు లోపలికొస్తే నీ పేరు కూడా రాసుకుంటామన్నారు ఎర్రిస్వామీ" అన్నాడు. అప్పుడే స్టేషనుకి పిల్చుకోని పోయినా. ఎస్సై చిన్నోడు, మంచోడే. "పంపిన గంటలోనే ఫోను మోసాలకని పెట్టిన పందొమ్మిది ముప్పై నంబరుకి ఫోను చేసింటే దుడ్లు ఆపేకి దారి ఉన్నింది పెద్దాయనా. ఇప్పుడు చేతులు మారిపోయింటాయి. ఎనిమిది దినాలు ఏం చేస్తాంటిరి? చెప్పుకునేకి ఊర్లో ఒక్క మనిషన్నా లేడా మీకు?" అని అడిగె.

సాబు తలొంచుకోని, "లేరు సార్" అన్నాడు.

నేను పక్క కుర్చీలోనే ఉండా ఫరీన్.

ఎండ ఈ పక్కకొచ్చె. పట్టు, మంచం జరుపుదాం.