పెద్దమ్మకి తెలిసిన ఒక్క మాట

హలో, అందరికీ వినపడుతోందా? నేనేనండీ, మీ బాబాయిని. చేతిలో పనుంటే ఆపక్కర్లేదు, చేసుకుంటూనే వినండి. ఇటు ఫోన్ పట్టుకుని కూర్చున్నది మా మేనకోడలు. అటు మాట్లాడేది దాని వదిన. గొడవలతో అట్టుడికిపోతున్న దేశంలో ఓ ముసలావిడని చూసుకునే పనిలో ఉంది, ఆవిణ్ణి పెద్దమ్మ అంటుంది. ఆ వదిన మొగుడు, అంటే మా మేనల్లుడు, గుమ్మంలో నిలబడ్డాడు. వాళ్ళ పాప మంచం మీద ఉంది. మనవాళ్ళని సరిహద్దు దాటించి ఇంటికి పంపే బస్సు ఆ పొద్దునే బయల్దేరాలి. ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఇక వినండి.

"నేనడిగింది అది కాదు వదినా. బస్సెక్కావా లేదా?"

"ఎక్కానే. ఎక్కకపోతే ఎలా?"

"ఎక్కి?"

"ఎక్కి కూర్చున్నా. కిటికీ పక్క సీటు దొరికింది. మెత్తగా ఉంది, మన ఊరి బస్సుల్లా కాదు. అవునూ, అక్కడ వానలు పడ్డాయా?"

"వానల సంగతి తర్వాత. ఏంటా నీళ్ళ చప్పుడు?"

"ఏ నీళ్ళు?"

"కుళాయి పారుతున్న చప్పుడు. నీ ఒక్కదాని కోసం బస్సులో కుళాయి పెట్టించారా?"

"ఉండు, కట్టేస్తా."

"వదినా."

"కట్టేశానే. చెప్పు."

"నువ్వు బస్సులో లేవు."

"ఎక్కిన మాట నిజం. నీ మీద ఒట్టు."

"నా మీదెందుకు, మీ ఆయన మీద వేసుకో ఒట్టు. ఎక్కిన మాట నిజమైతే, మరి దిగిన మాట?"

"అదీ నిజమే."

"అన్నయ్యా, విన్నావా? దిగిపోయిందట."

"ఆ ఫోనిలా ఇవ్వు."

"ఇవ్వను. నువ్వు అరుస్తావు, ఆవిడ పెట్టేస్తుంది, తర్వాత ఇద్దరూ నా ప్రాణం తీస్తారు. అక్కడే నిలబడి విను. వదినా, ఉన్నావా?"

"ఉన్నా. మీ అన్నయ్య పక్కనే ఉన్నారా?"

"ఉన్నాడు. మావయ్య కూడా ఉన్నాడు, టీ తాగుతున్నాడు. పాప ఉంది."

"పాప స్కూలుకి వెళ్ళలేదా?"

"నువ్వొస్తున్నావని మానేసింది. పొద్దున్నే లేచి నీ దిండుకి కొత్త గలీబు తొడిగింది. తిరగేసి తొడిగిందనుకో, కుట్లన్నీ బయటికే ఉన్నాయి."

"దానికివ్వు ఫోను."

"మాట్లాడదట. తల అడ్డంగా ఊపుతోంది. ముందు నాకు చెప్పు. ఎందుకు దిగావు?"

"పెద్దమ్మ కొడుకు వస్తానన్నాడే. వేరే ఊళ్ళో ఉంటాడుగా, వచ్చి వాళ్ళమ్మని తీసుకెళ్తానన్నాడు. ఆ మాట మీదే నేను సంచీ సర్దుకుంది. లేకపోతే ఎలా సర్దుతాను? ఆవిడ మంచం దిగాలన్నా నా మెడ పట్టుకోవాలి."

"వచ్చాడా మరి?"

"దారిలో ఉన్నానన్నాడు. వంతెన దగ్గర ఆపేశారట. కింది వాటాలో టీచరమ్మ ఉంటుంది, ఆవిడకి తాళం ఇచ్చి కాస్త చూస్తుండమన్నా. పెద్దమ్మకి స్నానం చేయించి, డైపర్ మార్చి, తల దువ్వి, కుర్చీలో కూర్చోబెట్టి బయల్దేరా. కాసేపట్లో కొడుకు వచ్చేస్తాడు కదా అని."

"బాగానే చేశావుగా. ఇంకేం?"

"బస్సు కదలబోతుంటే సైరన్ మోగింది."

"అయ్యో. దగ్గరేనా?"

"దూరమే. చప్పుడైతే వచ్చింది. అందరం సీట్ల మధ్యలో దూరి, నెత్తి మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాం. నా పక్కన మనవైపు పిల్లే, నర్సు, అంత భయంలోనూ 'అక్కా, మీ మోచెయ్యి నా కంట్లో ఉంది' అంటుంది. నవ్వాగలేదనుకో."

"నువ్వు నవ్వించకు. తర్వాత?"

"తర్వాత టీచరమ్మ ఫోన్ చేసింది. ఈవిడ కదలనంటోందట. షెల్టర్‌లోకి దింపుదామని ఇద్దరు పట్టుకుంటే గుమ్మం పట్టుకుని వదలట్లేదట. కుర్చీలోంచి గుమ్మం దాకా ఎలా వెళ్ళిందో నాకిప్పటికీ అర్థం కాలేదు. టీచరమ్మని కొరికిందట."

"కొరికిందా?"

"మణికట్టు మీద. పొద్దున పళ్ళసెట్టు పెట్టింది నేనే కదా. పెట్టకపోయినా బాగుండేది."

"వదినా, ముసలాళ్ళకి ఆ మాత్రం మొండితనం ఉంటుంది. వాళ్ళమ్మ, వాళ్ళ కొడుకు, వాళ్ళ టీచరమ్మ, వాళ్ళ గొడవ. మధ్యలో నీకేంటి?"

"టీచరమ్మ ఇంకోటి కూడా అంది. 'ఒకే మాట పదేపదే అంటోంది, మా భాష కాదు, మీదేమో చూడు' అని ఫోన్ ఆవిడ నోటి దగ్గర పెట్టింది."

"ఏమంటోంది?"

"పోనీలే, ఇప్పుడెందుకు."

"చెప్పు వదినా."

"లొస్తా."

"ఏంటి?"

"వెళ్ళొస్తా అంటోందే. నోరు తిరగదుగా, లొస్తా, లొస్తా, అదే పాట."

"ఆవిడకి తెలుగెక్కడిది?"

"నాదేగా. రొట్టె తేవడానికెళ్ళినా, మందుల షాపుకెళ్ళినా, చెత్త పారెయ్యడానికి కిందికి దిగినా, గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తా అంటాను కదా. వెళ్తున్నా అనకూడదు, పోతున్నా అసలే అనకూడదని మా అమ్మ మూతి మీద కొట్టి నేర్పింది. పెద్దమ్మకి కన్నకొడుకు పేరు గుర్తుండదే. ఇందాక తిన్నది గుర్తుండదు. ఈ ఒక్క మాటకి మాత్రం అర్థం తెలుసు. అది అన్నానంటే మళ్ళీ వస్తానని. వచ్చేదాకా గుమ్మం వైపే చూస్తుంది. ఇన్నాళ్ళూ వచ్చాను మరి."

"ఈ పొద్దున కూడా అన్నావా?"

"నోటికొచ్చేసింది. సంచీ భుజానేసుకుని, చెప్పులేసుకుంటూ, రోజూ అన్నట్టే అనేశా. మెట్లు దిగాక గానీ తట్టలేదు ఏమన్నానో. అయినా ఇంకేమనాలి చెప్పు. నెత్తి మీద బాంబులు తిరుగుతుంటే ముసలిదాని మొహాన వెళ్తున్నా అనాలా?"

"వదినా, అది ఊరికే అనే మాట. అందరం అంటాం. మొన్న గ్యాస్ బండ తెచ్చినవాడు కూడా వెళ్ళొస్తానమ్మా అన్నాడు. అలాగని వాడికోసం గుమ్మంలో కూర్చున్నానా?"

"నీకు మతి సరిగ్గా ఉంది కాబట్టి కూర్చోలేదు."

"నీకుందా అని అడుగుతున్నా. మరి నీ సంచీ ఏది?"

"బస్సులోనే, సీటు కింద. దిగే హడావిడిలో మర్చిపోయా. ఆ నర్సు పిల్ల తెచ్చిస్తానంది. పాపకి కొన్న గౌను అందులోనే ఉంది."

"అంటే రేపు ఎయిర్‌పోర్టుకి కారేసుకుని వెళ్ళి నీ సంచీని తెచ్చుకోవాలా మేము?"

"అరవకే."

"అరవట్లేదు, ఏడుస్తున్నా. నా గొంతులో రెండూ ఒకేలా ఉంటాయి, నీకు తెలుసుగా."

"ఏయ్, ఇంకో బస్సుందేమో అడుగు."

"నువ్వే అడుగన్నయ్యా. అరవకుండా అడుగు."

"ఏమేవ్."

"ఊఁ. చెప్పండి."

"ఇంకో బస్సుందా?"

"మధ్యాహ్నం ఒకటి ఉందంటున్నారు. అదే ఆఖరిది. తర్వాత ఆ దారి కూడా మూసేస్తారట."

"దాన్ని ఎక్కు."

"కొడుకు రానివ్వండి. వచ్చాడంటే ఆవిడ చెయ్యి అతని చేతిలో పెట్టి ఎక్కేస్తా."

"రాకపోతే?"

"వస్తాడండీ."

"వంతెన దగ్గర ఆపేశారని నువ్వే అన్నావు."

"ఉండండి, ఆవిడకి తల తుడవాలి. ఇందాక భయానికి బట్టలన్నీ పాడుచేసుకుంది, అందుకే మళ్ళీ స్నానం. తడి తలతో ఉంటే జలుబు చేస్తుంది."

"నేను అడిగినదానికి చెప్పు."

"నన్ను చూడగానే ఏం చేసిందో తెలుసా? ఏమీ చెయ్యలేదు. గుమ్మం వదిలేసింది, అంతే. పట్టుకుని పట్టుకుని వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. ఇంత ఆలస్యమేంటన్నట్టు ఓ చూపు చూసి, స్నానాల గది వైపు చెయ్యి చూపించింది. నేను పక్క వీధి దాకా వెళ్ళొచ్చాననుకుంది."

"మళ్ళీ సైరన్ మోగితే ఏం చేస్తావు?"

"దుప్పటి మీద కూర్చోబెట్టి మెట్ల మీంచి లాక్కుంటూ దింపేస్తా. అలవాటే. మనిషి బియ్యం బస్తాలా ఉంటుంది గానీ మెట్ల మీద సులువుగా జారుతుంది."

"నిన్నెవరు లాగుతారే?"

"అలా మాట్లాడకండి."

"మరెలా మాట్లాడమంటావు? బస్సెక్కితే హమ్మయ్య అనుకున్నాం. నేను గడ్డం కూడా గీసుకున్నానే, చాన్నాళ్ళ తర్వాత."

"అన్నయ్యా, నువ్వు ఆగు. వదినా, ఒక్కటి చెప్పు. కన్నకొడుకు వంతెన దగ్గర ఆగిపోయాడు. వాడు నడిచి రాలేడా? వాడికి లేని బాధ నీకెందుకు?"

"ఏమో. రాలేక ఆగిపోయాడో, ఆగాలని ఆగాడో, నాకేం తెలుసు? నాకు తెలిసింది ఒక్కటే. మాట అన్నది నేను. అది నమ్మి ఒక మనిషి ప్రాణం పోతుందన్నా గుమ్మం వదలకుండా నిలబడితే, నేను కిటికీ పక్కన కూర్చుని చెట్లు చూసుకుంటూ ఎలా వచ్చేది? మనకోసం చూసేవాళ్ళని అలా చూస్తూ ఉండమని వదిలేసి రాకూడదే. నువ్వైనా దిగేస్తావు."

"నేను దిగను."

"దిగుతావు. నీ సంగతి నాకు తెలీదా?"

"అత్తా, ఫోనివ్వు."

"ఏంటి? మాట్లాడతావా? వదినా, ఉండు, పాప అడుగుతోంది ఫోను. పట్టుకో తల్లీ, దగ్గరగా పెట్టుకో."

"బంగారూ. నా చిట్టితల్లీ. కోపమొచ్చిందా అమ్మ మీద?"

"ఫోను రెండు చేతులా పట్టుకుంది వదినా, చెప్పు."

"గలీబు తొడిగావటగా నా దిండుకి. తిరగేసి తొడిగినా ఏం కాదులే, మెత్తగానే ఉంటుంది. వచ్చి పడుకుంటా దాని మీదే. ఇక్కడ మామ్మ ఉంది కదా, పాపం ఆవిడకి ఎవరూ లేరమ్మా. నేను వెళ్ళొస్తానని చెప్పానా, అది నిజమనుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. చెప్పాక రావాలి కదా మరి. రాకపోతే తప్పు కదా."

"అమ్మా."

"చెప్పు తల్లీ."

"ఆ మాట ముందు నాకు చెప్పావు."

అంతేనండీ. మీకు తెలిసినవాళ్ళెవరైనా ఇలా పరాయి ఇళ్ళలో ముసలివాళ్ళని చూసుకుంటుంటే, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి ఇది పంపండి. ఇంకొకరికి కూడా పంపండి. కన్నవాళ్ళని అలాంటి మనిషి చేతిలో పెట్టి, దారిలో ఉన్నామని ఫోన్‌లో చెప్పేవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళకి.