వదిన ఫోన్‌లో రాని కథ

శ్రావణ శుక్రవారం ఉదయం, నాచారంలో మా పక్క ఫ్లాట్ భార్యాభర్తల మాటలివి. పాత లాప్‌టాప్‌నే సర్వర్‌గా పెట్టి, ఆవిడ రాసిన వ్రతకథల సైట్‌ను ఇంటి నుంచే నడుపుతారు.

“ఏమండీ, నిన్న మీరు అప్‌డేట్ చేసినప్పటి నుంచి నా సైట్ వస్తలేదట. దమ్మాయిగూడ నుంచి మా వదిన ఫోన్ చేసింది.”

“నా ఫోన్‌ల మంచిగనే వస్తుంది, సూడు.”

“అది మనింటి వైఫై. ఆపి చూడండి.”

“అరె, అవును. వస్తలేదు.”

“నిన్న గూడ గిట్లనే చూసి, అంతా ఓకే అన్నరా?”

“అన్న.”

“బాగుంది! అక్కడ ఆడోళ్లంతా అక్షింతలు పట్టుకొని కూసున్నరు. నా సైట్ ఉందని పుస్తకం గూడ కొనలేదు.”

“ఫికర్ చెయ్యకు. అప్‌డేట్‌తోని ఫైర్‌వాల్ ఆన్ అయింది, బయటోళ్లను రానిస్తలేదు. ఆఁ, దారి ఇచ్చిన. అడుగు.”

“వదినా, వచ్చిందా? వచ్చిందటండీ! చదువుడు మొదలుపెట్టిన్రు.”

“ఇగ నేను పోయి పులిహోర తినొచ్చా?”

“వాళ్ల కథ అయ్యేదాకా అక్కడి నుంచి లేవకండి. ప్లేటు నేనే తెస్తా. ఉపవాసం నాకు, మీకు కాదు.”