పచ్చ కమ్మీల వరండా

సముద్రం ఒడ్డున ఒక చిన్న లాడ్జి. మధ్యాహ్నం. కౌంటరు వెనక లాడ్జి నడిపే ఆవిడ, ముందు సంచీ దించకుండా నిలబడ్డ ముసలి దర్జీ. మంచాన పడ్డ తల్లి సముద్రం చూస్తానని నిజంగా అడిగిందా, లేక చెల్లెలే కల్పించిందా అన్న సందేహం పదకొండేళ్లుగా తనను వదలడం లేదని ఆయన ఎవరు కదిపినా చెబుతాడు.

“లేదు బాబాయ్‌గారూ, ఆవిడ గది ఖాళీ చేసి నాలుగు రోజులైంది.”

“నాలుగు రోజులేంటమ్మా! పొద్దున ఏడున్నరకి రాసింది. ఇదిగో, నువ్వే చూడు. ‘పడవలు ఇప్పుడే ఒడ్డుకొస్తున్నాయి. మేడమీద వరండాలో కూర్చున్నాను. టీ చల్లారిపోతోంది.’ ఇప్పుడే అంది కదా? ఈ ఫొటోలో పచ్చ కమ్మీలు మీవేగా?”

“మావే.”

“మరి? ఉంటే ఉందని చెప్పు. నన్ను కలవనందా? అలాగైతే అదైనా చెప్పు.”

“అయ్యో, అదేం లేదండీ. ముందు ఆ సంచీ దించండి. కూర్చోండి.”

“కూర్చుంటే బస్సు పోతుంది. మళ్లీ బస్సెప్పుడు?”

“ఎక్కడికి?”

“అది తెలిస్తే నిన్నెందుకడుగుతాను? ఆవిడ ఎటెళ్తే అటు.”

“చూడండి, ఆ రాత ఈ పొద్దుటిది కాదు. పోయిన బుధవారం ఆ వరండాలోనే కూర్చుని ఒక్కసారే పన్నెండు ముక్కలు రాసి పెట్టుకుంది. ఏది ఏ రోజు, ఏ టైముకి బయటికి పోవాలో ఫోన్లోనే పెట్టేస్తారు, అలారం పెట్టినట్టు. మనిషి ఊరు దాటాక అవి ఒక్కొక్కటే పోతుంటాయి.”

“మనిషి లేకుండా మాట పోతుందా?”

“పోతుంది.”

“టీ చల్లారిపోతోంది అంది!”

“ఆ టీ నేనే ఇచ్చాను బాబాయ్. గ్లాసు కడిగి కూడా నాలుగు రోజులైంది.”

“... ఎందుకమ్మా ఈ దొంగాట?”

“దొంగాట కాదు. ఆడమనిషి, ఒక్కతే తిరుగుతుంది. ఇదిగో ఫలానా లాడ్జిలో, ఫలానా గదిలో ఉన్నానని లోకమంతా చాటుకుంటే ఊరుకునే లోకమా ఇది? వెళ్లిపోయాకే చెప్పాలి. ఇలా ఊళ్లు తిరిగి రాసేవాళ్లలో తెలివైనవాళ్లంతా అంతే చేస్తారు.”

“అంటే కొండమీద ఊళ్లో కూడా?”

“ఏ కొండ?”

“అదే, రైలు లోయ చుట్టూ తిరిగెళ్లే ఊరు. ‘పొగమంచులో స్టేషను కనపడటం లేదు, బెంచీమీద కాళ్లు ముడుచుకు కూర్చున్నాను’ అని రాసింది. నేను దేవుడికి దణ్ణం పెట్టుకుని, కొట్టు మూసి, పడుతూ లేస్తూ వెళ్లాను. ఎండ మాడిపోతోంది. బెంచీమీద ఒక కుక్క పడుకునుంది.”

“పందిరి విప్పాక పెళ్లికెళ్లినట్టు.”

“నవ్వు. నవ్వమ్మా, ఫరవాలేదు. ఐదు ఊళ్లు ఇప్పటికి. పొడుగు వంతెన ఉన్న ఊరు ఒకటి, దీపస్తంభం ఊరు, పాత కోట, ఆ కొండ, ఇదిగో మీది. వెళ్లడం, లేదనిపించుకోవడం, ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చోవడం. నాలుగు జాకెట్లు కుట్టేలోపు మళ్లీ ఒక ముక్క పడుతుంది. మళ్లీ బస్సు. నాకు నడక తక్కువ, అందుకే అందుకోలేకపోతున్నానని అనుకున్నాను.”

“ఆవిడ పెద్ద వ్యాసాలు చదివితే తెలిసేదిగా. ‘అరిగిన చెప్పులు’ అని నెలకొకటి రాస్తుంది. ఎప్పుడెళ్లింది, ఎన్నాళ్లుంది, అన్నీ ఉంటాయి. ఈ చిన్న ముక్కలు సినిమాకి గోడమీద పోస్టర్లలాంటివి. పోస్టరు చూసి జనం హాల్లోకి రావాలని.”

“నేను పోస్టరు దగ్గరే ఆగిపోయాను.”

“ఎందుకని?”

“హాల్లో ఏం ఆడుతుందో ఎవరికి తెలుసు? మంచినీళ్లున్నాయా?”

“ఇదిగోండి. సంచీ ఇటిచ్చి, ఆ కుర్చీలో కూర్చుని తాగండి. ఇంతకీ ఆవిడ మీకేమవుతుంది?”

“తెలిసినావిడ.”

“తెలిసినావిడ కోసం ఐదు ఊళ్లు తిరిగారా?”

“బాగా తెలిసినావిడ.”

“ఊఁ.”

“ఏంటమ్మా ఆ ఊఁ?”

“ఏం లేదు. తాగండి, తాగండి.”

“... చెల్లెలు. నాకన్నా తొమ్మిదేళ్లు చిన్న. మా కొట్లో పాత బొత్తాల డబ్బా పెట్టుకుని ఆడుకుంటూ పెరిగింది.”

“ఆవిడ నోట మీ ఊసు నేను విన్నాను లెండి.”

“విన్నావా? ఏమంది?”

“ముందు మీరు చెప్పండి. ఎన్నేళ్లైంది మాట్లాడుకుని?”

“పదకొండు. నాన్న పోయాక నేను, చెల్లి, అమ్మ. ముగ్గురమే. నేను పెళ్లి చేసుకోలేదు, అది చేసుకున్నా నిలవలేదు. అమ్మ నడుం పడిపోయి రెండేళ్లు మంచంలోనే. ఒకరోజు చెల్లెలొచ్చి, అమ్మ సముద్రం చూస్తానంటోంది అన్నయ్యా, కారు మాట్లాడి తీసుకెళ్దాం అంది. నేను వద్దన్నాను.”

“వద్దన్నారా?”

“డాక్టరు వద్దన్నాడమ్మా! దారిలో ఏదన్నా అయితే? ఆ నెలలోనే అమ్మ పోయింది. ఇంట్లోనే. చల్లగా, ఏ బాధా లేకుండా పోయింది.”

“సముద్రం చూడకుండా.”

“... నువ్వు కూడా దానిలాగే మాట్లాడుతున్నావు.”

“తప్పైతే క్షమించండి.”

“నా సందేహమేంటంటే, అసలు అమ్మ అడిగిందా అని. అమ్మ ఏనాడూ ఇది కావాలని నోరు విప్పి అడిగిన మనిషి కాదు. చెల్లెలే ఊళ్లు చూడాలని కలలు కనేది. తన కోరిక అమ్మ నోట పెట్టిందేమోనని. అదొక్కటీ తేలితే నా మనసు కుదుటపడుతుంది.”

“ఒకవేళ ఆవిడ కోరికే అనుకోండి. తీసుకెళ్తే తల్లి సంతోషించేది కాదా? ఊరికే అడుగుతున్నాను బాబాయ్. నాకేం తెలుసు?”

“నీకు తెలిసే అడుగుతున్నావు. కర్మకాండ అయిన మర్నాడు చెల్లెలు వెళ్లిపోయింది. మిషన్ సొరుగులో చీటీ పెట్టింది. ఒకటే లైను. ‘అన్నయ్యా, ఎందుకు వద్దన్నావు?’ అంతే. తిట్టింది కాదు, ఏడ్చింది కాదు.”

“మీరేం రాశారు?”

“ఎక్కడికి రాయను? చిరునామా ఇచ్చిందా?”

“ఫోన్లో ఆవిడని ఎప్పట్నుంచి చూస్తున్నారు?”

“ఏడాది. కుట్టుకి వచ్చే టీచరమ్మ ఒకరోజు ఇది చదివి నవ్వుకుంటుంటే ఫొటో చూశాను. చెయ్యి మాత్రమే కనిపించింది, గ్లాసు పట్టుకున్న చెయ్యి. బొటనవేలికి చిన్నప్పుడు నా కత్తెర తగిలిన మచ్చ. నా ఫోన్లో కూడా పెట్టిమ్మని అడిగాను.”

“అయితే ఏడాదిగా చిరునామా ఉన్నట్టేగా. ప్రతి ముక్క కిందా జవాబు రాసుకోడానికి చోటుంటుంది.”

“ఇంతింత మంది ‘అబ్బ ఎంత బాగుందో’ అని రాస్తారు అక్కడ. వాళ్ల మధ్య నేనేం రాయను? ఎదురుగా కూర్చుని చెబుదామని. ఆ జవాబు బాకీ ఒక్కటీ దాని చేతిలో పెట్టేస్తే, తర్వాత దేవుడెప్పుడు పిలిచినా సరే అని.”

“ఎదురుగా కూర్చుంటే చెబుతారా?”

“చెబుతాను.”

“నాకు చెప్పినట్టే చెబుతారా? డాక్టరు వద్దన్నాడని?”

“అదేగా జరిగింది.”

“సరే, ఆ ఫోనిలా ఇవ్వండి. ఎదురుపడేదాకా ఎందుకు, ఇప్పుడే రాద్దాం. మీరు చెప్పండి, నేను కొడతాను. రెండొందల ఎనభై అక్షరాలు దాటకూడదు.”

“దాటితే?”

“తీసుకోదు.”

“గుడ్డ ఎంతుంటే చొక్కా అంత. నలభై ఏళ్లుగా చేసే పనేగా. రాయి. ‘చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలికి అన్నయ్య అనేక ఆశీర్వచనములు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నీ క్షేమసమాచారములు తెలియగోరుచున్నాను. ముఖ్యముగా వ్రాయునది ఏమనగా...’”

“ఆగండాగండి. సగం గుడ్డ కాలరుకే అయిపోయింది.”

“ఆశీర్వాదం తీసేయమంటావా? తప్పు కదమ్మా.”

“ఆవిడ అనుకుంటుంది లెండి. అసలు సంగతి చెప్పండి.”

“‘ఆ రోజు డాక్టరుగారు ప్రయాణం పనికిరాదని గట్టిగా చెప్పినందున...’”

“ఏ డాక్టరు?”

“అదేంటి, అందులో రాయాలా?”

“కాదు, నేనడుగుతున్నాను.”

“ఒక డాక్టరు. వీధి చివర ఉండేవాడు. పేరు... పదకొండేళ్లైందమ్మా.”

“ఇంటికొచ్చి చూసి చెప్పాడా?”

“చూశాడో, చెప్పాడో... అలాంటి మనిషిని ఏ డాక్టరు ప్రయాణం చెయ్యనిస్తాడు? నువ్వే చెప్పు.”

“నేను డాక్టర్ని కాదుగా. సరే, ఇంకా బోలెడు చోటుంది. ఏం రాయను?”

“వద్దు. చెరిపెయ్. సంచీ ఇటివ్వు. నాలుగు గంటల బస్సుకి ఇంటికి పోతాను.”

“పోవద్దు. మీకు గదుంది.”

“గదేంటి? నేనడగలేదు. నేను మెట్లెక్కలేను, మిషన్ తొక్కి తొక్కి మోకాళ్లు పోయాయి.”

“కిందే ఉంది. సముద్రం వైపు కిటికీ. ఖాళీగా ఉందని చెప్పి ఇచ్చేయమంది, తన మాట ఎత్తొద్దంది. మాట తప్పుతున్నాను, ఆ భగవంతుడు నన్ను క్షమించాలి.”

“ఎవరంది?”

“మీ చెల్లెలు. నాలుగు రోజుల క్రితం ఆ గది మీకోసం రాయించి వెళ్లింది.”

“నేనొస్తానని దానికెలా...”

“మొదటి ఊళ్లో లాడ్జివాళ్లు ఆవిడకి ఫోన్ చేశారట. ఎవరో ముసలాయన మెడలో టేపు వేసుకుని వచ్చి మీకోసం అడిగాడని.”

“ఆ టేపు... హడావుడిలో తియ్యడం మరిచిపోయాను.”

“‘మా అన్నయ్య బస్టాండుకి గుడ్డల మూటలు తెచ్చుకోడానికి పోతాడు గానీ బస్సెక్కడానికి పోడమ్మా. అలాంటివాడు బయలుదేరాడు’ అని ఇక్కడే, మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని చెప్పింది. ఆ మొదటి ఫోన్ వచ్చినప్పట్నుంచి ఏ ఊరెళ్లినా కింద గది చూసి చెప్పి వెళ్తోందట.”

“ఆ తర్వాత అన్ని చోట్లా కింద గదే దొరికింది. అంతా దేవుడి దయ అనుకున్నాను.”

“కాదని నేననను.”

“నా కోసమా ఇదంతా రాస్తోంది? వేలమంది చదువుతారే!”

“వేలమంది చదువుతారు. అన్నం తినేటప్పుడు ఎదురుగా ఒక్కరూ ఉండరు. రెండురోజులు చూశాను బాబాయ్, కంచం పక్కన ఫోను పెట్టుకుని తింటుంది. మనం మాట్లాడితే మాట్లాడుతుంది, లేకపోతే లేదు.”

“మరైతే ఒక్కరోజు ఆగచ్చుగా! ఇక్కడే ఆగితే, నేనొచ్చేదాకా ఆగితే ఏం పోయేది?”

“నేనూ అదే అడిగాను. ‘నాకు ఆయన దగ్గర్నుంచి ఒక జవాబు రావాలి. అది రాకుండా ఎదురుపడితే ఎండలెలా ఉన్నాయి, వానలెలా ఉన్నాయి అనుకుని ఎవరి దారిన వాళ్లం పోతాం. అంతకన్నా ఇలా తిరగడమే నయం. కనీసం ఊళ్లు చూస్తాడు’ అంది.”

“ఊళ్లు చూస్తానా! ఏ ఊళ్లోనైనా నేను చూసిందేముంది? బస్సు నంబరు, లాడ్జి బోర్డు, తిరుగు బస్సు టైము. బస్సెక్కాలంటే ఇప్పటికీ అరచేతులకి చెమటలు పడతాయి, ఇదిగో చూడు.”

“బాబాయ్...”

“అక్కడ రాస్తే అందరూ చదువుతారా?”

“చదువుతారు. ఆవిడ ఒక్కతే చదవాలంటే విడిగా పంపే దారి కూడా ఉంది. చూపించనా?”

“వద్దు. కొట్టుకి వచ్చినవాళ్లందరి ముందూ డాక్టరు మాట చెప్పాను. అందరి ముందే రాస్తాను. ఆ ఫోనివ్వు, నేనే కొడతాను.”

“ఇదిగో. ఈ అక్షరం నొక్కి పట్టుకుంటే ఒత్తులొస్తాయి. తొందరేం లేదు.”

“నువ్వు చూడకు.”

“చూడను. లెడ్జరు రాసుకుంటాను.”

“‘భ’ ఎక్కడుందమ్మా?”

“ఇదిగో, ఇక్కడ. దేనికి?”

“దేనికో ఒకదానికి. నువ్వు రాసుకో.”

“సరే, రాసుకుంటున్నాను.”

“గుడ్డ ఇంకా మిగిలిందే.”

“మిగిలితే మిగలనివ్వండి. అన్నీ రాశారా?”

“ఆ. ఇది నొక్కాలా? ఈ బాణం గుర్తు?”

“అదే. నొక్కితే ఇక వెళ్లిపోతుంది. దీనికి అలారం లేదు.”

“... నొక్కాను. పోయిందా?”

“పోయింది.”

“అద్దాలు మసకేశాయి, ఏం కొట్టానో నాకే కనపడటం లేదు. తప్పులున్నాయేమో, చదువమ్మా.”

“పైకి చదవనా?”

“పైకే చదువు.”

“‘చెల్లీ, ఏ డాక్టర్నీ నేను అడగలేదు. ఊరు దాటాలంటే నాకు భయం, చెప్పుకోడానికి సిగ్గు. నువ్వే కల్పించావని పదిమందితో అన్నాను. సముద్రం చూపించమని అమ్మ ముందు అడిగింది నన్నే.’”