రక్తంల కనబడ్డది

గోదావరిఖనిలో ఒక దవాఖాన. నర్సు చేతిలో రక్తపరీక్ష కాగితం. ఎదురుగా దగ్గుతూ ఓ గని కార్మికుడు.

“కాకా, టీబీల ఊపిరితిత్తులను తినే ఎంజైమ్ లెక్క ఇది. మందులు వాడితే తగ్గాలె. నీకు పోయినసారి కన్న రెండింతలైంది. గోళీలు మింగుతున్నవా?”

“లేదు బిడ్డా.”

“ఎందుకు?”

“వచ్చే నెల మెడికల్ బోర్డుకు పోవాలె. నన్ను అన్‌ఫిట్ చేస్తే నా నౌకరి కొడుకుకొస్తది.”

“టీబీ నయమయ్యే రోగమే. మందులు మింగి డ్యూటీకి రమ్మంటరు.”

“ఎరుకే. అందుకే నయం కానిస్తలేను.”

“ఊపిరితిత్తి కరాబైతే మళ్ల మొలవదు కాకా. కొడుకుకు తెలుసా?”

“రోజూ గోళీలు చేతిల పెట్టేది వాడే. చాటుకు పోయి పారేస్త.”

“నేనేం చెయ్యాలె మరి?”

“గా కాగితం బోర్డోళ్లకు చూపెడితే పనికొస్తదా బిడ్డా?”