ఖైసర్ పాషా ఫిర్యాదు

ఖైసర్ పాషా పెళ్ళి ఊరేగింపుల్లో మర్ఫా డోళ్ళు వాయిస్తాడు. ఆ ఉదయం పక్కింటి నీలమ్మను వెంటబెట్టుకుని, పాతబస్తీలో తనకు బాగా తెలిసిన ఠాణా మెట్లు ఎక్కాడు. బల్ల వెనక హెడ్ కానిస్టేబుల్ భిక్షపతి చాయ్ తాగుతున్నాడు.

"లేవయ్యా పాషా! కుర్చీ ఖాళీ ఉంటే కింద కూసుంటవేంది?"

"అలవాటైందక్కా. ఈడికొస్తే నా కాళ్లు వాటంతటవే మడుసుకుంటయ్."

"ఏం రా పాషా, నేనైతే పిలువలే. పండుగ లేదు, మంత్రి వస్తలేడు, యాడ లొల్లి గూడ కాలే. ఎందుకొచ్చినవ్?"

"ఈసారి నేనే వచ్చిన సాబ్."

"నువ్వే వచ్చినవా? ఏం చేసినవ్?"

"ఏం చెయ్యలే సాబ్."

"ఏం చెయ్యనోడు పొద్దుగాల పొద్దుగాల ఠాణాకొస్తడా? చెప్పు, చెప్పు. ముందుగాలనే చెప్తే నీకే మంచిది."

"నేను చేసుడు కాదు సాబ్, నాకే అయింది. నా మర్ఫాలు పోయినయ్. ఫిర్యాదు ఇయ్యనీకి వచ్చిన."

"మర్ఫాలా?"

"మర్ఫాలు. నిన్న పొద్దుగూకంగ, మగ్రిబ్ నమాజ్ టైంల."

"ఫిర్యాదు... నువ్వు?"

"ఆయనే. ఎందుకు సారూ, ఆయన ఇయ్యొద్దా?"

"నువ్వెవరమ్మా?"

"నీలమ్మ. పక్కిల్లు మాది. ఇయ్యాల్ల నా బిడ్డ బేబీ పెండ్లి. సాయంత్రం చర్చిల ఉంగరాలు తొడుగుతరు, ఆ తర్వాత బరాత్ ఊరేగింపు. పాషా మర్ఫా లేకుంటే కారెక్కనని పిల్ల పొద్దటి సంది మూతి ముడుసుకొని కూసుంది."

"ఆ సంచిల ఏముంది రా?"

"దుప్పటి సాబ్."

"దుప్పటెందుకు?"

"ఠాణాకు పోతున్న అన్న ఇంట్ల. మా రజియా దుప్పటి, బ్రష్షు, బీపీ గోళీలు సర్దిచ్చింది. నేను ఫిర్యాదు ఇయ్యనీకి పోతున్న అంటే ఇంటలేదు. 'పోయినసారి గూడ అయిదు నిముషాల పనే అని తీస్కపోయిండ్రు, పట్టుకపో' అన్నది."

"మంచిగుంది. సరే, మర్ఫాలు పోయినప్పుడు నువ్వు యాడున్నవ్?"

"మజీదుల సాబ్."

"సాక్షులు?"

"మజీదు నిండ ఉండె. నా ఎడమ దిక్కు దర్జీ..."

"వాళ్లంత మీవాళ్లే గద."

"ఓ సారూ! సామాను పోయింది ఆయనది. ఆయన యాడున్నడో సాక్షులెందుకు?"

"పద్ధతి ఉంటదమ్మా."

"మా ఆయన కృపాకర్ సైకిల్ పోయినప్పుడు ఈ పద్ధతి యాడవోయింది? సైకిల్ ఏ రంగుదని అడిగిండ్రు, రాసుకున్నరు, పొమ్మన్నరు."

"గది వేరే."

"ఏం వేరే?"

"వేరే అంటే వేరేనమ్మా!"

"పోనియ్ అక్కా. సాబ్, మీరు అడుగుండ్రి. నాకు జవాబులన్ని నోటికే వొస్తయ్. దుబాయ్‌ల ఎవ్వరు లేరు, ఫోన్ల పెండ్లి పార్టీల నంబర్లు తప్ప ఏం లెవ్వు, నిరుడు ఊరు దాటి పోయింది ఒక్కసారి, వరంగల్‌కు, అది గూడ ఒక పెండ్లి సంగీత్‌ల వాయించనీకే."

"నీ పాత కేసు..."

"కోర్టు కొట్టేసింది గద సాబ్. అప్పుడు నేను పందొమ్మిదేండ్ల పోరన్ని. బరాత్‌ల వాయించి ఇంటికి నడిసి పోతుంటే జీపెక్కిచ్చిండ్రు. జడ్జి సాబ్ నన్ను ఎప్పుడో వొదిలిపెట్టిండు. ఈ ఠాణానే వొదుల్తలేదు."

"గిది గూడ నవ్వుకుంట చెప్తవేంది రా?"

"ఏడ్సుకుంట మస్తు సార్లు చెప్పిన సాబ్. అప్పుడు గూడ మీరు రాసుకోలే."

"సారూ, చాయ్ సల్లారుతుంది. రాయుండ్రి."

"రాస్తనమ్మా, రాస్త. ఏయ్ పాషా, మర్ఫాలు ఇంట్ల వెట్టుకోక బజార్ల ఎందుకు వెట్టినవ్?"

"బజార్ల వెట్టలే సాబ్. కిషన్‌బాగ్‌ల శాదీల వాయించి వస్తున్న. ఆటో దింపి పోయింది. లోపల నమాజ్‌కు జమాత్ నిలబడ్డది. ఎదురుంగ మూసిన దుకాణం అరుగు మీద మూట వెట్టి ఉరికిన."

"ఉరికినవా?"

"ఉరికిన."

"టోపీ వెట్టుకొని?"

"నమాజ్‌కు టోపీ గాక ఏం వెట్టుకుంటరు సాబ్, హెల్మెటా?"

"గట్ల ఉరకొద్దు రా! మూట వెట్టి ఉరుకుతే సూసేటోళ్లు ఏమనుకోవాలె? నీలి రంగు మూట, అరుగు మీద, ఒక్కటే..."

"సాబ్."

"ఏంది?"

"మూట నీలిదని నేను చెప్పలే."

"చెప్పినవ్."

"చెప్పలేదు సారూ. నేను ఇంటున్న. చెప్పలే."

"చెప్పకున్నా... మూటలు ఎక్కువ నీలివే ఉంటయ్. ఆడ పాన్ డబ్బా ఉంటది గద, ఆయన్ని అడిగినవా?"

"అడిగిన సాబ్. 'ఢమ్' అని పెద్ద సప్పుడైందంట. షట్టర్ గుంజి ఎనక్కి సూడకుంట ఉరికిండంట."

"అవ్, అందరం ఉరికి... అందరు ఉరికిండ్రంట."

"అందరం అన్నవ్!"

"అందరు అన్ననమ్మా."

"అందరం అన్నవ్ సారూ. నా చెవులు మంచిగనే ఉన్నయ్."

"చాయ్ తాగుతవా అమ్మా?"

"బిడ్డ పెండ్లి వెట్టుకొని నీ చాయ్ తాగనీకి రాలే. ముచ్చట చెప్పు!"

"అరే, ఏం లేదమ్మా! నిన్న గస్తీ తిరుగుతున్నం. ఫోనొచ్చింది. టోపీ వెట్టుకున్నాయన మూట వెట్టి పరుగువెట్టిండు అని. పోయి సూస్తే గుండ్రంగుంది, గట్టిగుంది. జర దూరంకెల్లి లాఠీతోని పొడిసి సూసిన."

"పొడిసి?"

"ఢమ్మన్నది."

"యా అల్లా!"

"నవ్వకు రా."

"నవ్వుతలేను సాబ్."

"నవ్వుతున్నవ్. భుజాలు ఊగుతున్నయ్."

"మా తాత కట్టిన డోలు సాబ్ అది. ఒక్క దెబ్బకు బరాతంత లేసి ఆడాలె అనేటోడు. మీరు యాడిదాంక ఉరికిండ్రు?"

"సందు మలుపు దాంక. నా టోపీ గూడ పడిపోయింది. తర్వాత బాంబులోళ్లు వచ్చి మూట ఇప్పిండ్రు. డోళ్లని సూసి, పొట్ట పట్టుకొని నవ్వి పోయిండ్రు. ఎవ్వరికి చెప్పొద్దని నేనే ఎనక వాకిట్ల దాచిన. వాళ్లొచ్చేదాంక ఊకుండకుండ రెండు బకీట్ల నీళ్లు గూడ..."

"నీళ్లా?"

"పోసినం."

"చర్మం మీదనా సాబ్?"

పాషా భుజాలు ఊగడం ఆగిపోయింది. ఎవరూ రమ్మనకుండానే లేచి వెనక వాకిట్లోకి నడిచాడు. పాత పేపర్లు ముట్టించి, పెద్ద డోలును ఒళ్ళో పెట్టుకుని, మెత్తబడ్డ చర్మాన్ని మంట సెగకు అటూ ఇటూ తిప్పసాగాడు. మిగతా ఇద్దరూ పక్కన గొంతుక్కూర్చున్నారు.

"పాషా, మోగుతదా?"

"ఆగక్కా. నానిపోయిన చర్మం, తొందరవెడితే చినుగుతది."

"ఇంకిన్ని పేపర్లు తేనా?"

"తెండ్రి సాబ్. జర దూరం పట్టుకోండ్రి, గట్ల. ఇగ సూద్దాం."

"ఏమైంది?"

"మెత్తగుంది. దగ్గినట్టు అంటుంది."

"ఏసయ్యా, నా బిడ్డ బరాత్..."

"మళ్లొక్కసారి వేడి చేస్త. ఆఁ. ఇప్పుడు ఇనుండ్రి."

"ఢమ్!"

"అరే! గదే సప్పుడు!"

"ఉరకకుండ్రి సాబ్."

"నేను ఉరుకుతలేను. ఓ నీలమ్మా, ఠాణాల డాన్సేంది? లాకప్‌లకెల్లి సూస్తున్నరు!"

"సూడనియ్ సారూ! వాళ్ల కాళ్లు గూడ ఆడుతున్నయ్. పాషా, మూట కట్టు, పోదాం పా. దొరికినయ్ గద."

"అవ్, దొరికినయ్ గద. ఇగ తీస్కపో. ఫిర్యాదు గిట్ల ఎందుకు?"

"లేదు సాబ్. రాయుండ్రి."

"ఏంది?"

"ఫిర్యాదు. రాయుండ్రి."

"సామాను నీ చేతులనే ఉంది!"

"పోయింది గూడ నిజమే గద సాబ్. రాత్రంత నాకు నిద్ర లేదు. ఇన్నేండ్లు ఈ ఠాణాల నా పేరు ఒక్క దిక్కే రాసిండ్రు. ఇయ్యాల్ల ఒక్కసారి రెండో దిక్కు రాయుండ్రి. దెబ్బ తిన్నోళ్ల దిక్కు."

"పాషా, టైమైతుంది."

"అక్కా, నీకు దండం వెడ్త. నువ్వు ముందుగాల పోయి బేబీకి చెప్పు, పాషా వస్తున్నడని. నేను ఇది రాయించుకోనిదే కదల."

"నువ్వు కదలకుంటే నేను మాత్రం యాడికి పోతా? సారూ, రాయి."

"పెద్దసారు నన్ను తిడ్తడమ్మా."

"తిట్టనియ్. నువ్వు ఈయన్ని ఎన్ని తిట్టినవ్?"

"సరే. సరే! కాయితం తెచ్చిన, రాస్తున్న. పేరు?"

"తెల్వదా సాబ్?"

"తెల్సు. అయినా ఫిర్యాదు ఇచ్చేటాయన్ని అడగాలె. చెప్పు... చెప్పుండ్రి పాషా భాయ్."

"ఏమన్నరు?"

"చెప్పుండ్రి అన్న."

"మళ్లొక్కసారి అనుండ్రి సాబ్."

"పాషా భాయ్!"

"ఖైసర్ పాషా. రాయుండ్రి. పోయినవి రెండు మర్ఫాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది."

"రెండు మర్ఫాలు... నీలి మూట... మజీదు ఎదురుంగ. అయిపోయింది. ఇగ తీస్కపోయినోళ్లు. 'గుర్తు తెలియని వ్యక్తులు' అని రాసేస్తున్న."

"గుర్తు తెల్వకపోవుడేంది సాబ్? ఇరవై ఏండ్ల సంది ఇంత దగ్గరికెల్లి సూస్తున్న. నేను పేరు చెప్త, మీరు రాసుకోండ్రి."