అంచు ఆరని అద్దం

అనకాపల్లిలో నానాజీ సెల్‌ఫోన్ల దుకాణం. విశాఖలో లేజర్ల మీద పరిశోధన చేస్తున్న మేనకోడలు హాసిని, అద్దం అతికించమని పొద్దున్న ఇచ్చి వెళ్లిన ఫోను కోసం వచ్చి కూర్చుంది.

"షట్టరు ఎత్తినప్పుడు నా సేతిలో ఉన్నవి మూడే హాసినీ. ఒక సీసా జిగురు, దాన్ని ఆరబెట్టే ఒక నీలం దీపం, ఒక కస్టమరు ఫోను. ఇప్పుడు మూడూ కలిసి ఒకటే ముద్ద."

"దీపం కూడా అంటుకుపోయిందా మావయ్యా?"

"దానికీ కొంచెం అంటింది. నీది లేజరు సదువు కదా, ఒక్క ముక్క సెప్పు. ఈ జిగురు ఎప్పటికి గట్టిపడుద్ది?"

"ఎవరి ఫోను?"

"కస్టమరుదన్నాను కదా."

"ఏ కస్టమరు?"

"కస్టమరంటే కస్టమరే. నువ్వు సదువు గురించి సెప్పు."

"సరే. మా లేజరు ఒక్కసారి మెరిస్తే జిగురులో బోలెడు రాడికల్స్, అంటే జత కోసం ఎగబడే అణువు ముక్కలు, పుడతాయి. ఒక్కోటి పక్క అణువుని పట్టుకుంటుంది, ఆ కొస ఇంకోదాన్ని పట్టుకుంటుంది. అలా గొలుసు పెరుగుద్ది. పెరిగే కొసలు రెండు ఎదురుపడ్డాయా, రెండూ ఆగిపోతాయి. మళ్లీ మెరుపు, మళ్లీ కొత్తవి. ఎన్ని పుట్టాయి, ఎంత వేగంగా పెరిగాయి, ఎప్పుడు ఆగాయి... ఆ లెక్కే నా మోడలు."

"పెట్టుబడి, పెరుగుదల, నష్టం. మా యాపారమే కదేటి!"

"ఇందులో ఒక దొంగున్నాడు. గాల్లో ఆక్సిజన్. పుట్టినవాటిని పుట్టినట్టే మింగేస్తాడు."

"లేజరుకైనా?"

"లేజరు ఒక్కసారే అన్నేసి పుట్టిస్తే మింగలేక వాడే ఓడిపోతాడు. నీ దీపం చిన్నది. మధ్యలో గట్టిపడుద్ది, గాలి తగిలే అంచుల్లో ఆరదు. అక్కణ్నించి స్పీకర్లోకి కారుద్ది."

"సూసినట్టే సెప్పేత్తన్నావే!"

"కారిందా?"

"కారిందని నేనన్నానా?... కొంచెం. సార్జింగు కన్నంలోకి కూడా."

"అయితే ఫోను పోయింది. ఆవిడకి నిజం చెప్పేయ్."

"ఆవిడని నేనెప్పుడన్నాను?"

"అనలేదులే. చెప్పు."

"నీదేనమ్మా! అక్కకి మాత్రం సెప్పకు. కొత్తది కొనిత్తాను, ఇంతకన్నా మంచిది. మాటిత్తన్నాను."

"ఆరని అంచు ఎంత మేరుంది? స్కేలు ఇలా ఇవ్వు."

"ఫోను పోయిందంటే స్కేలంటావేటి?"

"అగ్గిపుల్ల మందం... మోడల్లో వచ్చిందీ ఇంతే! సరిపోయింది మావయ్యా!"

"ఏటి సరిపోయింది?"

"'నీ లెక్క లేజరుకేనా, బజారు దీపానికీ పనిచేస్తుందా' అని మా గైడు సారు అడిగేరు. అందుకే పోయిన నెల నీ జిగురు చుక్క పట్టుకెళ్లేను, నీ దీపం వెలుగు కొలిచేను. అతికించే పని మాత్రం నీ చేతే చేయించాలి కదా."

"దానికి నీ ఫోను పాడుసేసుకుంటావా, పిచ్చిదానా?"

"నా ఫోను ఇదిగో, సంచిలో. నీ చేతిలోది అత్తది. ఇద్దరికీ ఒకే రకం కొన్నావు కదా. స్విచ్చాపేసి, నా కవరు తొడిగి ఇచ్చేం."

"ఇచ్చేం? సూర్యకళకి తెలుసా?"

"కవరు తొడిగింది ఆవిడే."

"బాగుంది. నీకు లెక్క తేలింది. నాకు అంటుకుపోయిన దీపం మిగిలింది. మరి మీ అత్తకేటి లాభం?"

"ఇందాక నువ్వు మాటిచ్చిన కొత్త ఫోను. తనదని తెలిస్తే తుడిచి ఇచ్చేస్తావంట, నాదనుకుంటే కొత్తది కొంటావంట. నా మోడలు కట్టడానికి నెల పట్టింది మావయ్యా, అత్త పొయ్యి మీద పాలు పొంగేలోగా కట్టేసింది."